తోడు క్లాసు

నోటీసు బోర్డు మీద ఇంగ్లీషులో ఏదో పెద్ద పేరుంది.
గుమాస్తా అది చదివి, నా వయసు చూసి,
"బీజగణితం, మొదట్నించీ. సాయంత్రం ఆరుకి.
దాని వెనకాల ఇంకో గంట తోడు క్లాసు" అన్నాడు.
తోడంటే నాకు తెలిసింది ఒకటే,
రాత్రి గోరువెచ్చని పాలలో మా ఆవిడ వేసే
అర చెంచా పెరుగు.

శీలానగర్ రోడ్డులో లారీల కాటా దగ్గర
పదకొండేళ్లుగా నా పని.
బొగ్గు లారీ నిండుగా ఎక్కుతుంది, దిగుతుంది,
ఖాళీ చేసుకుని మళ్లీ ఎక్కుతుంది.
తీసివేత మిషనే చేసుకుంటుంది. చీటీ చింపడం నా వంతు.
సూపర్‌వైజరు కావాలంటే డిప్లొమా,
డిప్లొమా కావాలంటే ఎక్స్.

అల్లిపురంలో కాలేజీ, మూడో అంతస్తు.
ఫ్యాను తిరిగితే సుద్దపొడి, ఆగితే జిడ్డు చెమట.
ముప్పై ఒక్క మందిలో జుట్టు నెరిసింది ఇద్దరికే,
నాకూ, కేజీహెచ్‌లో స్ట్రెచరు తోసే బంగారయ్యకీ.
"ఇటునించి అటు వెళ్తే గుర్తు మారుతుంది" అన్నారు మాస్టారు.
ఎందుకు మారుద్దో ఎవరూ అడగలేదు.
చెక్‌పోస్టు దాటితే మామూలు మారినట్టు
ఇదీ ఏదో రూలనుకున్నాను.
ముప్పైకి నాలుగొచ్చాయి.
ఇంట్లో అడిగితే, ఇంకా దిద్దలేదన్నాను.

ఏడు దాటాక మిగిలేది ఆరుగురం.
తోడుకి వచ్చేది వాసుపల్లి నూకరత్నం, డిగ్రీ రెండో ఏడు,
జాలారిపేట పిల్ల, మా పెద్దదానికంటే రెండేళ్లు పెద్ద.
చెప్పదు. అడుగుద్ది.
"కాటా దగ్గర మీరు ఏటి చేస్తారు?"
నిండు బరువు, ఖాళీ బరువు, తీసేస్తే సరుకు, అన్నాను.
"మరి సరుకుని విడిగా ఎప్పుడైనా తూచారా?"
లేదు.
పదకొండేళ్లలో ఒక్కసారీ లేదు.
బోర్డు మీద రెండు అడ్డగీతలు గీసి
"అదే ఇది" అంది.

అప్పుడు గుర్తొచ్చాడు డ్రైవరు కొండబాబు.
నిండు లారీ కాటా ఎక్కితే సీట్లో కదలకుండా కూర్చునేవాడు,
ఖాళీ అయ్యాక టీ కోసమని దిగిపోయేవాడు,
క్లీనర్నీ దింపేవాడు.
ట్రిప్పుకి నూట ముప్పై కిలోల మనుషులు
బొగ్గు రేటుకి అమ్ముడుపోయేవాళ్లు.
పట్టుకున్న రోజు అరిచాను,
"దిగితే రెండుసార్లూ దిగరా!
కూచుంటే రెండుసార్లూ కూచో!"

నూకరత్నం సుద్దముక్క కింద పెట్టేసింది.
"అంతేనండీ. ఇటు ఏం తీస్తే అటూ అదే తీయాలి.
ఏదీ ఎక్కడికీ దాటట్లేదు."
బంగారయ్య "డ్రైవర్ని దింపు, డ్రైవర్ని దింపు" అని గొణుక్కుంటూ
మూడు లెక్కలు చేసేశాడు.
నాకు ఒకటే వచ్చింది.

ఋణ సంఖ్యల దగ్గర మాత్రం గొడవ పడ్డాను.
ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనమట.
మల్కాపురంలో మా వీధికి ఈ మాట చేరనీకమ్మా,
రేపే ఇంకో చీటీ పాడేస్తారు, అన్నాను.
అందరూ నవ్వారు, ఆ పిల్ల నవ్వలేదు.
"రోజుకి రెండొందలు చేతిలోంచి పోయేవాడి దగ్గర
మూడు రోజుల కిందట
ఇప్పటికంటే ఎంత ఎక్కువుంటుంది?"
ఆరొందలు.
"వెనక్కి లెక్కపెడితే ధనమే కదండీ."
వాళ్ల నాన్న బోటు మీద ఉన్న అప్పు సంగతి
మెట్లు దిగుతుంటే బంగారయ్య చెప్పాడు.

ఆఖరి బస్సు. కాన్వెంట్ జంక్షన్ దగ్గర
కిటికీ వేసినా పేజీ మీద బొగ్గు పొడి.
వేలితో తుడిస్తే ఎక్స్ కూడా కాస్త అలుక్కుపోయింది.
యారాడ కొండ మీద లైట్ హౌస్ వెలుగు
వచ్చి, పోయి, మళ్లీ వచ్చింది.
ఏడో లెక్క రాలేదు.
వంటగట్టు మీద గిన్నెకి మూత పెడుతూ మా ఆవిడ
"కదపకండి, ఇప్పుడే తోడేశాను" అంది.
పుస్తకం మూసి దాని పక్కనే పెట్టాను.

పొద్దున్న చూస్తే పెరుగు గడ్డగా తోడుకుంది.
ఏడో లెక్క ఇంకా పాలే.
టిఫిన్ డబ్బాతో పాటు దాన్నీ సంచిలో వేసుకున్నాను,
ఒలక్కుండా.